ఎండ మొహాన కొట్టిన రంగు

దొరస్వామికి కోపం ముక్కు మీదే ఉంటుంది. చిత్తూరులో ఆయన చేత ఇంటికి రంగు వేయించుకున్న వాళ్లందరికీ ఆ సంగతి తెలుసు. అయినా ఆయననే పిలిచేవాళ్లు. ముప్పై రెండేళ్లలో ఆయన రంగు వేసిన గోడ ఒక్కటీ పెచ్చులూడలేదు మరి. చుట్టూ బండరాళ్ల గుట్టలు, మార్చి దాటితే నిప్పుల కొలిమి. అలాంటి ఊళ్లో గోడకు రంగు నిలబడాలంటే డబ్బా మీద రాసింది చదివితే చాలదు.

ఆయన పద్ధతి ఒక్కటే. ఎండకు ఎదురెళ్లడు. పొద్దున పడమటి గోడ, మధ్యాహ్నం నీడ తిరిగాక తూర్పు గోడ. బ్రష్షు ముట్టుకునే ముందు చెయ్యి తిరగేసి, వెనకవైపు గోడకు ఆనించి చూస్తాడు. చురుక్కుమంటే ఇక ఆ గోడ జోలికి పోడు. ఇంటాయన తొందరపెడితే నిచ్చెన దిగి తాపీగా బీడీ ముట్టిస్తాడు. కాగిన గోడ మీద రంగు పట్టుకోకముందే ఆరిపోతుంది. పైకి నిగనిగలాడుతుంది గానీ లోపల పట్టు ఉండదు.

అంత తెలిసిన మనిషి పోయిన మే నెలలో తెలిసి తెలిసి తప్పు చేశాడు. చేయించింది నాగరత్నమ్మ.

ఆమె కొడుకు భానుచందర్‌కు మామిడికాయల మండీ ఉంది. కాణిపాకం పోయే రోడ్డు మీద తూర్పు వాకిలితో కొత్త ఇల్లు కట్టాడు. రంగు మొదలుపెట్టే రోజున వాస్తు చూసే పెద్దమనిషి వచ్చి ఒక నియమం పెట్టిపోయాడు. పొద్దున ఎనిమిదింటికి ఈశాన్యం మూల మొదలుపెట్టి, ఇంటి చుట్టూ ప్రదక్షిణంగా తిరిగి, పొద్దుగుంకేలోగా అదే మూలకు చేరాలట. రెండో కోటింగూ అంతేనట. అంటే పొద్దుటెండలో తూర్పు గోడ, సాయంత్రపుటెండలో పడమటి గోడ. దొరస్వామి జీవితమంతా ఏం చేయకూడదనుకున్నాడో, సరిగ్గా అదే!

ఆయన ఒంటికాలి మీద లేచాడు. రంగు నీడలో వేయాలని ఒకటికి పదిసార్లు చెప్పాడు. బ్రష్షు పట్టుకునేవాడికి వాస్తు సంగతి ఎందుకని భానుచందర్ నవ్వాడు. ఆ నవ్వుకు దొరస్వామి నిచ్చెనలు కట్టేసి బయల్దేరాడు కూడా. అప్పుడు నాగరత్నమ్మ గేటు దగ్గర అడ్డం నిలబడింది. వెనకటి ఇల్లు వాస్తు చూడకుండా కట్టారు. చేరిన ఏడాదిలోపే ఆమె భర్త పోయాడు. అది ఇల్లు చేసిన పనేనని ఆమె గట్టిగా నమ్మింది. దొరస్వామి కొత్తగా పని నేర్చుకునే రోజుల్లో ఆమె ఇంటికి సున్నం కొట్టాడు. పిలిచి అన్నం పెట్టిన చెయ్యి ఆమెది.

"ఈ ఒక్క ఇంటికి నా మాట వినప్పా" అందామె.

"వింటా. రేపు పెచ్చులు లేస్తే మాట నా మీదికి రాకూడదమ్మా."

"రాదు. నేనుండాను గదా."

ఆ ఒక్క మాట నమ్మి ఆయన కాలిపోతున్న గోడకు రంగు వేశాడు. వేస్తున్నంతసేపూ తనను తానే తిట్టుకున్నాడు.

అక్టోబరు వానలకు తూర్పు గోడ పొక్కులు లేచింది. శివరాత్రి నాటికి చేటలంత పెచ్చులు రాలాయి. పడమటి గోడదీ అదే గతి. పొద్దు ఉత్తరానికి జరిగే మే నెలలో ఎండ తగలని దక్షిణపు గోడ మాత్రం అదే డబ్బాలోని అదే రంగుతో చెక్కుచెదరకుండా నిలబడింది. కళ్లున్నవాడికి ఆ ఒక్క గోడ చాలు. కానీ భానుచందర్ దాన్ని చూడలేదు. దొరస్వామి రంగులో నీళ్లు పోసి మోసం చేశాడని వీధిలో అన్నాడు, మండీలో అన్నాడు. నాగరత్నమ్మ పక్కనే ఉండి వింది. వేయించింది తానేనని చెప్పలేదు.

పని ఇస్తామని ఒప్పుకున్న రెండు ఇళ్లవాళ్లు దొరస్వామి ఫోనెత్తడం మానేశారు. కాణిపాకం బస్సుల్లో పోయే ప్రతివాడికీ ఆ తూర్పు గోడ కనబడుతుంది. ముప్పై రెండేళ్ల పేరు ఆ పెచ్చులతో పాటు రాలిపోతుంటే ఆయనకు కడుపు మండిపోయింది. భానుచందర్ మీద కంటే నోరు మూసుకున్న ఆ తల్లి మీదే ఎక్కువ మండింది.

ఒక సాయంత్రం ఆమె పళ్లెంలో పళ్లూ తమలపాకులూ పట్టుకుని దొరస్వామి ఇంటికి వచ్చింది. తప్పు తమదేనని, కొడుకుతో గొడవెందుకని ఊరుకున్నానని కళ్లనీళ్లు పెట్టుకుంది. మళ్లీ నీ పద్ధతిలోనే వెయ్యమని అడిగింది. దొరస్వామి పళ్లెం వైపు చూడనైనా లేదు.

"ఈడ చెప్తే ఎవురికి వినపడ్తాదమ్మా? మీవాడు నన్ను దొంగన్నది వీధిలో" అన్నాడు.

ఆమె తలొంచుకుని వెళ్లిపోయింది.

అయినా వారం తిరక్కుండానే ఆయన పనికి వెళ్లాడు. ఆమె కోసం కాదు. తన చెయ్యి పడిన గోడ రోడ్డు మీద అలా నవ్వులపాలవుతుంటే చూడలేకపోయాడు. నాలుగు రోజులు పెచ్చులు గోకి ప్రైమర్ కొట్టాడు. ఎవరితోనూ మాట్లాడలేదు, ఆ ఇంటి మంచినీళ్లు కూడా ముట్టలేదు. అయిదో రోజు పొద్దున్నే పడమటి గోడకు రంగు మొదలుపెట్టాడు.

కాసేపటికి ఇంటి ముందు నుంచి నాగరత్నమ్మ గొంతు వినిపించింది. నిచ్చెన దిగి మూల నుంచి తొంగి చూశాడు. ఆమె తూర్పు గోడ కింద, ఎండలో, ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చుంది. పాలాయన్ని ఆపి చెప్పింది. స్కూలు వ్యాను డ్రైవరుకు చెప్పింది. టిఫిను బండి దగ్గర నిలబడ్డవాళ్లను పిలిచి మరీ చెప్పింది. అందరికీ ఒకే మాట: "దొరస్వామి వద్దు వద్దన్నాడు. ఎండలో యేయించింది నేనే."

భానుచందర్ పరుగెత్తుకొచ్చి, పరువు పోతోందని, లోపలికి రమ్మని బతిమాలాడు.

"ఆ పొద్దు నోరు మూసుకునుంటిని. ఈ పొద్దు మూసుకోను. నీడొచ్చేదాకా ఈడనే ఉంటా" అందామె.

దొరస్వామి వెనక్కి వెళ్లి మళ్లీ నిచ్చెన ఎక్కాడు. ఆమె గొంతు బొంగురుపోయేదాకా వింటూనే రంగు వేశాడు. కోపం తగ్గిందా అంటే, తగ్గలేదు. కానీ చెయ్యి కుదురుగా సాగింది.

పన్నెండు దాటాక తూర్పు గోడ కింద జానెడు నీడ పడింది. ఒంటిగంటకు అది కుర్చీ దాటింది. దొరస్వామి డబ్బా తెచ్చి గోడ ముందు పెట్టాడు. నాగరత్నమ్మ చెమట తుడుచుకుంటూ లేవబోయింది.

"ఇంక యెయ్యి నాయనా. నీడొచ్చింది."

ఆయన చెయ్యి తిరగేసి గోడకు ఆనించాడు. చురుక్కుమంది.

"గోడ ఇంకా కాగతానే ఉండాది" అన్నాడు. "ఇంకో గంట కూర్చోమ్మా. ఈ దోవన ఇంకా నలుగురు పోతారు."