చావు లేని వీలునామా

అనకాపల్లి బెల్లం మీద ఒట్టు, పొయ్యిలో నిప్పు మీద ఒట్టు, ఈ కింద రాసినదంతా అక్షరం పొల్లుపోని నిజం. నమ్మనివాళ్ళు చోడవరం వచ్చి అడగవచ్చు. నమ్మేవాళ్ళు మాత్రం రావద్దు, అక్కడ నా పరువింకా కోలుకోలేదు. ఆంధ్ర రాష్ట్రం కొత్తగా వచ్చిన రోజుల్లో, మీసం కూడా సరిగ్గా రాని వయసులో, ఒక్క కాగితం ముక్కతో మా మేనత్తను ఆమె ఇంట్లోంచే గెంటించబోయాను. తలచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

మా సన్యాసమ్మ అత్తకు పిల్లల్లేరు. మామ పోయాక బెల్లం వండి, ఆ కష్టంతోనే చెరుకు మడి, పెంకుటిల్లు, పాడిగేదె సంపాదించింది. మామ అన్నగారి కొడుకులు అప్పలనాయుడు, సత్తిబాబు. ఇద్దరూ 'పిన్నీ, పిన్నీ' అంటూ ఆవిడ చుట్టూ బెల్లానికి చీమల్లా తిరిగేవారు.

"ఒరే గుంటడా, నాను పోయేక ఈలిద్దరూ తలకాయలు పగలగొట్టుకుంటారు. మడీ, బెల్లం పెనం అప్పలనాయుడికి, ఇల్లూ గేదీ సత్తిబాబుకి. వీలునామా రాసిపెట్టు" అంది అత్త.

బుద్ధున్నవాడైతే ప్లీడరు దగ్గరికి తీసుకెళ్ళేవాడు. నేను స్కూలు ఫైనలు పాసైనవాణ్ణి, నాకు ప్లీడరెందుకు? నాన్న పెట్టెలోంచి పాత దానపత్రం తీసి ఎదురుగా పెట్టుకుని మొదలెట్టాను. 'నా మరణానంతరం' అని రాయబోతే చెయ్యి ఆగింది. శుక్రవారం పూట, దీపం పెట్టే వేళ, నిండు మనిషి ఎదురుగా కూచుని చెరుకు ముక్క నములుతుంటే ఆ మాట ఎలా రాయను? మా ఇళ్ళల్లో కిరాణా కొట్టుకు వెళ్ళేవాడు కూడా 'వెళ్తాను' అనడు, 'వస్తాను' అంటాడు. అశుభమని ఆ ముక్క వదిలేసి, దానపత్రంలో కళకళలాడుతున్న వాక్యం దించాను: 'నేటి దినమే మీ స్వాధీనము చేసితిని. ఇకమీదట నాకు ఎట్టి హక్కూ లేదు.'

గొంతు సవరించుకుని చదివాను. "ఏటో గానీ, గుళ్ళో మంత్రంలాగుంది" అని అత్త మురిసిపోయి వేలిముద్ర వేసింది. సాక్షులు కావాలి కదా, చేతికందిన ఆ ఇద్దరి చేతే సంతకాలు పెట్టించాను. పిల్లిని పాలకు కాపలా పెట్టడం పాతమాట. నేను పిల్లికి గిన్నె కూడా కడిగిచ్చాను.

మర్నాడు పొద్దున్న అత్త పెనంలో చెరుకురసం కుతకుతలాడుతోంది. అప్పలనాయుడు బండి తోలుకొచ్చాడు.

"పిన్నీ, పెనం దించు, అట్టుకెళ్తాను."

"కళ్ళు పోనాయేట్రా? రసం మరుగుతంది."

"రసం నీదే, కాదన్నానేటి? దేన్లోకైనా వంపుకో. పెనం నాది."

"నాను బతికే ఉన్నాను కదరా."

"ఉండు, ఎవుడొద్దన్నాడు? కాయితంలో నువ్వు చచ్చిపోవాలని లేదు."

చూశారా వాడి ధర్మబుద్ధి. ఆ ముఖం మీద మరుగుతున్న రసం పోయాలన్నంత కోపం వచ్చింది నాకు. ఇంతలో సత్తిబాబు గేదె పలుపు విప్పుకుంటూ, "పిన్నీ, ఇల్లెప్పుడు కాళీ చేస్తావు? మా మావోళ్ళకి అద్దెకిస్తానని మాటిచ్చేను" అన్నాడు.

అత్త తెడ్డు ఎత్తింది. బెల్లం తెడ్డంటే దాంతో పడవ నడపొచ్చు. అప్పలనాయుడు బండి కింద దూరాడు. గేదె బెదిరి సత్తిబాబును పేడగుంట దాకా లాక్కుపోయింది. అప్పుడు తెడ్డు నావైపు తిరిగింది.

"ఏటి రాసేవురా?"

"నువ్వు పోయాక అని రాయడానికి మనసొప్పలేదత్తా."

"పోయేక ఇమ్మంటే, ఉండగానే తోలేసేవు. నీ మనసు మండ."

ఆ తెడ్డుతోనే నన్ను చోడవరం బజారు మీదుగా ప్లీడరు ఇంటిదాకా తోలింది. ఆయన కాగితం చదివి నుదురు కొట్టుకున్నాడు.

"అశుభమని చావు తీసేస్తే మిగిలేది శుభలేఖయ్యా. వీలునామా మనిషి పోయాకే ప్రాణం పోసుకుంటుంది. ఈలోగా ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు."

"అయితే నా ఇల్లు పోనట్టేనా బాబూ?" అంది అత్త. చేతిలో తెడ్డు మెల్లగా కింద పెట్టింది.

"పోలేదమ్మా. ఇల్లూ మడీ దానమివ్వాలంటే రిజిస్టరు కావాలి. పెనం, గేదె నువ్వు చేతికివ్వలేదు. అన్నీ నీవే."

అక్కడికక్కడే కొత్త వీలునామా రాయించింది. సాక్షులు ఆస్తిలో చిల్లిపెంకు కూడా రానివాళ్ళు. ఎవరికి రాసిందో చెప్పలేదు గాని, "ఎప్పుడైనా మార్చీవొచ్చంట" అని మాత్రం ఊరంతా చెప్పింది. ఆనాటి నుంచి అప్పలనాయుడు పెనం కింద మంట ఎగదోశాడు, సత్తిబాబు గేదెకు కుడితి పెట్టాడు. ఇంటికి తిరిగొస్తూ అత్త నా ముఖం చూసి ఫక్కున నవ్వింది.

ఆ దారిలోనే ప్రమాణం చేశాను: బతికున్నవాళ్ళ ఆస్తి జోలికి గాని, పోయినవాళ్ళ ఆస్తి జోలికి గాని, ఆ రెంటికీ మధ్య ఊగిసలాడే వాళ్ళ ఆస్తి జోలికి గాని ఈ జన్మలో కలం పట్టుకుని వెళ్ళను. వెళితే నా చెయ్యి మరుగుతున్న పెనంలో పడుగాక.

ఒట్టు వేశాను గనుక, కల్పించింది కూడా చెప్పేస్తాను. అత్త నవ్విందన్నాను చూశారూ, అదొక్కటే అబద్ధం. అత్త నవ్వలేదు. పోయేదాకా నన్ను పేరుపెట్టి పిలవనూ లేదు. నేను గుమ్మంలో కనిపిస్తే లోపలికి కేకేసేది:

"దానపత్రం వచ్చేడు, గేదిని లోపల కట్టండి."