స్నానాల దడి మీద నాయకుడు

ఆ రోజుల్లో అంటే మరీ రాజుల కాలం కాదండి, మొన్నమొన్నటి మాటే. కానీ నాకు తలమీద జుట్టూ, ప్రభుత్వ ఉత్తర్వుల మీద నమ్మకమూ దట్టంగా ఉన్న కాలం కాబట్టి ఆ రోజులనే అనాలి. (తర్వాత ఆ రెండూ ఇంచుమించు ఒకే వేగంతో పలచబడ్డాయి.) ఇంజినీరింగు చదివి, వంతెనలు కడతానని చుట్టాలందరికీ చెప్పి, చివరికి ధవళేశ్వరం నుంచి ఆత్రేయపురం వెళ్ళే దారిలో కాలవ గట్టు మీదున్న ఓ చిన్న ఊరికి పంచాయతీ కార్యదర్శిగా వచ్చాను. ఉద్యోగం ఇంకా పర్మినెంటు కాలేదు. ఇంతలో ఎన్నికల కోడ్ వచ్చింది. ఊళ్ళో ఏ నాయకుడి మొహమూ కనబడకూడదన్నారు. విగ్రహాలకి ముసుగులు కట్టించాను, గోడల మీద రాతలకి సున్నం కొట్టించాను, ఫ్లెక్సీలన్నీ దింపించి ఆఫీసు వెనక వరండాలో చాపల్లా చుట్టి పెట్టించాను. సాయంత్రం మా పై ఆఫీసరుగారు తనిఖీకి వస్తారట, ఒక్క బొమ్మ కనబడినా మెమో తప్పదట. పర్మినెంటు కానివాడికి మెమో అంటే నాట్లేసిన మర్నాడే చేలో గేదె పడ్డట్టు.

మధ్యాహ్నం భోంచేసి, ఊరు ఇంత శుభ్రంగా ఎప్పుడైనా ఉందా అని నన్ను నేనే మెచ్చుకుంటూ ఉంటే మైకు బాబాయి వచ్చాడు. ఎన్నికలప్పుడు ఆటోలో మైకు పట్టుకుని తిరుగుతాడు కాబట్టి ఆ పేరు. మైకు లేనప్పుడు కూడా ఉన్నట్టే మాట్లాడతాడు. మా నాయకుడి ఫ్లెక్సీలన్నీ పీకించారు, అవతల పార్టీ ఆయన మాత్రం గట్టు మీద దర్జాగా నవ్వుతున్నాడు, ఇదేం న్యాయమండీ అన్నాడు. ఫోను తీసి, ఇప్పుడే తియ్యకపోతే ఫొటో తీసి ఎన్నికల ఫిర్యాదుల యాప్‌లో పెడతానన్నాడు. నేను చెప్పులు వేసుకున్నాను.

ఇక్కడో సంగతి చెప్పాలి. మా వైపు ఫ్లెక్సీకి రెండు జన్మలు. మొదటి జన్మ పుట్టినరోజు శుభాకాంక్షలు చెప్పడానికి, రెండోది ఉపయోగపడటానికి. సభ అయిన మర్నాడే అది ధాన్యం రాశి మీదికో, గేదెల పాక మీదికో చేరిపోతుంది. గట్టు మీదున్న ఆ ఫ్లెక్సీ బొమ్మిడాలత్త స్నానాల దడి. అత్త బొమ్మిడాల చేపల బుట్ట నెత్తిన పెట్టుకుని ఊరూరూ తిరిగి అమ్ముకొచ్చే మనిషి. ఇంటి గోడని ఆనుకుని సరుగుడు కర్రలు పాతి, చుట్టూ ఫ్లెక్సీ బిగించుకుంది. నాయకుడుగారు వీధివైపు తిరిగి, చేతులు జోడించి, వచ్చేపోయేవాళ్ళందరినీ తన వెనక జరిగే స్నానానికి ఆహ్వానిస్తున్నట్టు నవ్వుతున్నాడు.

అత్త అప్పుడే బుట్ట దించి, నీళ్ళు తోడుకుంటోంది. నేను కోడ్ గురించి వివరంగా చెప్పాను. (వినేవాళ్ళు అడ్డు రాకపోతే నేను అప్పట్లో ఏదైనా వివరంగా చెప్పేవాణ్ణి.) ఓటర్లు ప్రభావితం అవుతారని మైకు బాబాయి అందుకున్నాడు. అత్త చెంబు పక్కన పెట్టింది.

"నా స్నానాల దడి చూసి ప్రభావితం అయ్యేవోడెవడో ముందు వాడి పేరు చెప్పు బాబాయ్, వాడి సంగతి నేను చూసుకుంటాను."

బాబాయి రెండడుగులు వెనక్కి వేసి, ఫోను జేబులో పెట్టేశాడు. అత్త నావైపు తిరిగి, ఇది పీకేస్తే నేనెక్కడ నీళ్ళు పోసుకోవాలి సెక్రటరీగారూ, పొద్దుటినుంచీ చేపలు మోసిన ఒళ్ళు, ఈ కంపుతోనే వంట చెయ్యమంటారా అంది. ప్రభుత్వం కట్టించే స్నానాల గది ఒకటి ఆవిడకి రావాల్సి ఉంది. అది ఎక్కడిదాకా వచ్చిందో మా ఆఫీసుకే తెలియాలి, మా ఆఫీసుకి తెలియదు. అందుకని ఆ ప్రస్తావన తేకుండా నా ఇంజినీరింగు బుర్ర ఉపయోగించాను. పీకక్కర్లేదండీ, తిరగేసి కట్టుకోండి, తెల్లటి వెనకవైపు వీధికి, బొమ్మ లోపలికి అన్నాను. దీనికి మెచ్చుకోలు వస్తుందని ఒక క్షణం ఎదురుచూశాను కూడా.

"ఆయన అలా చేతులు జోడించి చూస్తా ఉంటే, నేను నీళ్ళు పోసుకోవాలా?"

"అది వట్టి ఫొటోయే కదండీ."

"వట్టి ఫొటో అయితే, తియ్యమని ఎందుకొచ్చారు మరి?"

ఉత్తర్వు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను. ఎండ వాలుతోంది, ఆఫీసరుగారు రావులపాలెం దాటారని ఫోనొచ్చింది. అప్పుడు నాకు వెనక వరండా గుర్తొచ్చింది. పరిగెత్తి వెళ్ళి, సరిపోయేంత పెద్ద ఫ్లెక్సీ ఒకటి మోసుకొచ్చాను. రెండు బొమ్మలూ ముఖాముఖి పెట్టి కట్టేస్తే, వీధికీ తెలుపే, అత్తకీ తెలుపే. విప్పి చూస్తే అది మైకు బాబాయి నాయకుడిది. మా ఆయన్ని తీసుకెళ్ళి వాళ్ళ ఆయన మొహానికి అతికిస్తారా, కార్యకర్తలకి ఏం చెప్పుకోవాలండీ అని బాబాయి అడ్డం నిలబడ్డాడు. అతికించడం కాదు, ఆనించడం అన్నాను. కొంచెం మెత్తబడి, అయితే మా ఆయన వీధివైపు ఉండాలి, సబ్బునీళ్ళు పడేవైపు కుదరదన్నాడు. అత్త రెండింటినీ వేళ్ళతో నలిపి చూసి, నీళ్ళవైపు మందంగా ఉన్నదే ఉండాలి, ఏది మందమో మీరే తేల్చుకోండి అంది. బాబాయి పెద్ద ఇరకాటంలో పడ్డాడు. తమది పలచన అని ఒప్పుకోవాలి, లేదా నాయకుణ్ణి నీళ్ళవైపు పంపాలి. చివరికి "మాదే మందం" అన్నాడు. తన చేత్తోనే లోపలివైపు ముడి వేశాడు.

ఆఫీసరుగారి జీపు ఆగేసరికి అత్త లోపలికి వెళ్ళిపోయి చెంబు చప్పుడు చేస్తోంది. పడమటెండ దడి వెనకనుంచి పడి, రెండు బొమ్మలూ ఒకదాని మీద ఒకటి పడి బయటికి తేలాయి. రెండు మీసాలూ నాలుగు చేతులూ ఉన్న ఒకే మనిషి. "ఎవరయ్యా ఇది, ఏ పార్టీ?" అన్నారాయన. మైకు బాబాయి పరీక్షగా చూసి, "మా పార్టీ కాదండి," అన్నాడు. అవతల పార్టీవాళ్ళు ఇద్దరు అప్పటికే పోగయ్యారు, వాళ్ళూ తల అడ్డంగా ఊపారు. ఎవరిదీ కాని నాయకుడి మీద చర్య తీసుకునే వీలు కోడ్‌లో లేదు. ఇంతలో లోపలినుంచి "బయట ఎవరది?" అని అత్త గొంతు వినిపించింది. ఆఫీసరుగారు గబుక్కున కాలవవైపు తిరిగి, కోడ్ అమలు సంతృప్తికరం అంటూ జీపెక్కేశారు.

ఇప్పుడు నేనే తనిఖీలకి వెళ్ళే వయసుకొచ్చాను. ఇలాంటి చిక్కు వస్తే స్పష్టత కోరుతూ పైకి రాస్తాను. స్పష్టత వచ్చేలోగా ఎన్నికలు అయిపోతాయి, ఎవరికీ ఇబ్బంది ఉండదు. పద్ధతి ప్రకారం ఇదే సరైనది. అయినా అప్పుడప్పుడు ఫైలు మూసి, చెప్పు తెగినా చూసుకోకుండా నెత్తిన ఫ్లెక్సీ పెట్టుకుని గట్టు మీద పరిగెత్తిన ఆ సన్నటి కుర్రాణ్ణి తలుచుకుంటాను. వాడిప్పుడు నా దగ్గరికి వస్తే మెమో ఇస్తాను అనుకుంటాను గానీ, ముందు కూర్చోబెట్టి టీ ఇప్పిస్తాను.