తెల్ల డబ్బా, నల్ల డబ్బా

మా షాపులో మొదటి నియమం, ఏ వస్తువు మీది కవరూ తీయకూడదు. నేను పనిలో చేరిన రోజు సేటు నాకు చెప్పింది ఇదొక్కటే. చీపురు ఎక్కడుంటుందో కూడా ఆ తర్వాతే చూపించాడు. కవరు ఉంటే కొత్తది, కవరు పోతే పాతది, కొనేవాళ్ల కంటికి అంతే తెలుస్తుంది అన్నాడు. ఆయన కూర్చునే కుర్చీతో వచ్చిన ప్లాస్టిక్ ఆరేళ్లుగా కుర్చీకే ఉంది. ఎండాకాలం ఆయన లేచినప్పుడల్లా చప్పుడవుతుంది. రిమోట్లన్నీ సంచుల్లోనే ఉంటాయి. గోడ గడియారం అద్దం మీద కూడా పల్చటి పొర ఉంది. దాని కింద టైము బాగానే నడుస్తుంది.

షాపు ఆబిడ్స్‌లో. టీవీలు, ఫ్రిజ్‌లు, ఫోన్లు అమ్ముతారు. నేను నాంపల్లి నుంచి నడిచి వస్తాను. షట్టరు సగం లేచి ఉండగానే వంగి లోపలికి దూరి, ముందు మెట్లు ఊడ్చి, తర్వాత నేల తుడిచి, చివరికి టీవీల తెరలు పొడి గుడ్డతో తుడుస్తాను. మొత్తం ఇరవై ఆరు తెరలు.

అంకెలు నాకు చిన్నప్పటి నుంచీ వచ్చు. అంకెలు రాకపోతే బస్సు ఎక్కలేం. అక్షరాలు మాత్రం యాభై ఆరో ఏట వచ్చాయి. మా చర్చి వెనక గదిలో సాయంత్రం పూట ఒక రిటైరైన టీచరమ్మ నేర్పుతుంది. నేను చేరడానికి కారణం పాటల పుస్తకం. ఏళ్ల తరబడి ఆదివారం పుస్తకం తెరిచి పట్టుకుని, నోటికి వచ్చిన పాట పాడేదాన్ని. పక్కన కూర్చునే ఆమె పాట మొదలయ్యే ముందు చెయ్యి చాపి, తలకిందులుగా ఉన్న నా పుస్తకాన్ని సరిగ్గా తిప్పేది. ఒక్క మాట అనేది కాదు. అట్లా పదకొండేళ్లు తిప్పింది. ఆమె చెయ్యి నొప్పి పెడుతున్నదని విన్న వారం నేను వెళ్లి పలక కొనుక్కున్నాను.

తెలుగు అక్షరాలు అయ్యాక టీచరమ్మ ఇంగ్లీషు అక్షరాలు మొదలుపెట్టింది. రోజూ షాపులో కనపడిన ఒక మాటను చూసినట్టే రాసుకుని రమ్మంది. మా షాపులో మాటలకు కొదవ లేదు. అట్టపెట్టెలన్నీ మాటలే.

అప్పటికి కొన్నాళ్ల ముందే సేటు వెనక గోడకు ఆటల డబ్బాల కోసం రెండు కౌంటర్లు పెట్టించాడు. ఈ డబ్బాను టీవీకి తగిలించి, చేతిలో చిన్న మీటల పిడి పట్టుకుని ఆడతారు. రెండు వేర్వేరు కంపెనీల డబ్బాలు. ఒకటి తెల్లగా, పొడుగ్గా, కాలరు ఎత్తుకున్న చొక్కాలా ఉంటుంది. రెండోది నల్లగా, నిలబెట్టిన ఇటుకలా ఉంటుంది. ఒక్కోదానికి ఒక్కో టీవీ. ఆ టీవీలు రెండూ ఒకే కంపెనీవి, ఒకే సైజు, ఒకే రోజు ఒకే ట్రాలీ ఆటోలో దిగాయి.

కౌంటరుకు ఒక మనిషి, జీతం ఆ డబ్బా కంపెనీ ఇస్తుంది. తెల్ల డబ్బా అమ్మే అతనికి ముప్ఫై నిండలేదు. చొక్కా కూడా తెల్లదే వేసుకొస్తాడు. నల్ల డబ్బా అమ్మే ఆయనకు యాభై ఐదు. నాకంటే మూడేళ్లు చిన్న కాబట్టి నేను తమ్మీ అంటాను, ఆయన అక్కా అంటాడు. తెల్ల డబ్బా అతను ఆయన్ని కాకా అంటాడు. గౌరవంతో కాదు.

పొద్దంతా ఇద్దరూ తమ డబ్బా గొప్ప చెప్పుకునేవాళ్లు. ఇతను నాలుగు వేలు, నూట ఇరవై అనేవాడు. ఆయనా నాలుగు వేలు, నూట ఇరవై అనేవాడు. అంకెలు వచ్చినదాన్ని కాబట్టి గమనించాను. అంకెలు ఒకటే అయినప్పుడు కొట్లాట దేనికని ఒకరోజు తమ్మీని అడిగాను. తమ్మీకి ఎవరైనా ఏదైనా అడగడమే కావాలి. చాయ్ పక్కన పెట్టి, నన్ను ముందు వరస టీవీల దగ్గరికి తీసుకుపోయి ఒక్కోదాని మీది చీటీ చూపించాడు. ఇది ఏడువందల ఇరవై గీతల బొమ్మ. ఇది వెయ్యి ఎనభై. ఇది రెండువేల నూట అరవై, దీన్నే నాలుగు వేలు అంటారట, అడ్డంగా లెక్కపెడితే. రవ్వ జల్లెడకూ పిండి జల్లెడకూ ఉన్న తేడానే అని నాకు తోచింది. నూట ఇరవై అంటే సెకనుకు బొమ్మ అన్నిసార్లు మారుతుందట. ఎవరు లెక్కపెట్టారో చెప్పలేదు.

వెయ్యి ఎనభైలోనే మళ్లీ రెండు రకాలట. ఒక రకంలో గీతలన్నీ వరసగా వస్తాయి. రెండో రకంలో ఒకటి విడిచి ఒకటి వచ్చి, విడిచిపెట్టినవి తర్వాత వస్తాయి.

"నువ్వు మెట్లు ఊడ్చేటప్పుడు, ఒక మెట్టు ఇడ్సిపెట్టి ఒకటి ఊడ్సుకుంట పోయి, మళ్ల పైకెల్లి వచ్చి ఇడ్సినయి ఊడ్సినట్టు అక్కా."

"గట్లెవరన్న ఊడుస్తరా?"

"జల్ది ఊడ్సినట్టు కనవడాలంటే ఊడుస్తరు."

ఆ మర్నాడు అట్లా ఊడ్చి చూశాను. మోకాళ్లు నొప్పులు పుట్టాయి. మెట్లు ముందెట్లా ఉండేవో అట్లాగే ఉన్నాయి.

తమ్మీ సంగతి కూడా కొంత చెప్పాలి. ఆయన పదహారో ఏట వాళ్ల నాన్న నాంపల్లిలో వీడియో క్యాసెట్లు కిరాయికిచ్చే దుకాణం పెట్టాడు. అప్పట్లో క్యాసెట్లు రెండు సైజులుండేవి. చిన్నదాంట్లో బొమ్మ బాగుంటుందని వీళ్లు చిన్నవి నింపారు. ఊరంతా పెద్దవి కొన్నది. తర్వాత చాలా ఏళ్లకు, బొమ్మ సాఫుగా వచ్చే కొత్త డిస్కులు రెండు రకాలు పోటీగా వచ్చాయి. తమ్మీ ఒక రకం అమ్మే దుకాణంలో చేరాడు. రెండో రకం నిలబడింది. ఆ తర్వాత నల్ల కళ్లద్దాలు పెట్టుకుని చూసే టీవీలు అమ్మాడు. వాటి గురించి ఎవరూ ఏమీ అనలేదు, కొనలేదు. మూడూ మంచి సామానే అంటాడు తమ్మీ. సామాను మంచిదైనా కాలం కలిసి రాలేదంటాడు. ఈ కౌంటరు నాకు చివరిది అక్కా, ఈ వయసులో ఇంకెవ్వరూ నిలబడనియ్యరు అని ఒకసారి చెప్పాడు.

ఆ నల్ల డబ్బా కూడా అమ్ముడుపోలేదు. కొనేవాళ్లు రెండు టీవీల మధ్య నిలబడి, రోడ్డు దాటేవాళ్లలా అటూ ఇటూ చూసి, తెల్ల డబ్బా టీవీకి వేలు చూపేవాళ్లు. ఇందులో బొమ్మ సాఫుగా ఉంది, అందులో మసగ్గా ఉంది అనేవాళ్లు. నిజంగానే మసగ్గా ఉండేది. ఆటలో కనపడే గడ్డి మీద కొంచెం పాలు పోసినట్టుండేది. తమ్మీ వైరు మార్చాడు. ఇంటి నుంచి ఇంకో వైరు తెచ్చి మార్చాడు. డబ్బానే మార్పించాడు. టీవీలో వెలుగు, రంగు మార్చడానికి వీలున్నవన్నీ మార్చాడు. టీవీని మాత్రం ఎవరూ అనుమానించలేదు. రెండూ ఒకే ఆటోలో దిగడం అందరూ చూశారు.

"కాకా, నీ టీవీ కంట్ల మోతిబిందు పొర వచ్చినట్టుంది. దవాఖానల సూపియ్యరాదు" అనేవాడు తెల్ల డబ్బా అతను. తమ్మీ టీవీ వెనక్కి పోయి మళ్లీ వైరు బిగించేవాడు. నాలుగు నెలలు అట్లాగే గడిచింది.

పోయిన సోమవారం కాదు, అంతకుముందు సోమవారం సేటు ఇద్దరినీ పిలిచాడు. వాషింగ్ మెషీన్లు వస్తున్నాయని, జాగా కావాలని, శనివారం సాయంత్రానికి ఒక కౌంటరు లేపేస్తానని చెప్పాడు. ఏది లేపేదీ చెప్పలేదు. చెప్పనవసరం లేదు. ఆ కౌంటరు పోతే ఆ మనిషికీ పని పోతుంది.

ఆ బుధవారం నాకు రాసుకోవడానికి మాట దొరకలేదు. పెద్దక్షరాల మాటలన్నీ అయిపోయాయి. నల్ల డబ్బా టీవీ తెర కింద, కుడి మూలన చిన్నక్షరాలు కనపడ్డాయి. పక్కన ఒక చెయ్యి బొమ్మ కూడా ఉంది. ఆ మూల నాకు బాగా తెలుసు. కంపెనీ నుంచి తెర మీద వచ్చిన పల్చటి పొర అక్కడ కొంచెం లేచేది. నేను రోజూ తుడిచేటప్పుడు నెమ్మదిగా నొక్కి, చిన్న టేపు ముక్క అంటించేదాన్ని. నాలుగు నెలల్లో సగం చుట్ట అయిపోయింది. తెల్ల డబ్బా టీవీకి ఆ పొర లేదు. ఆ టీవీ బిగించినప్పుడు ఎవరో పీకి పాడుచేశారనుకుని, పాపం వాళ్లకు మాట రాకూడదని సేటుకు చెప్పకుండా దాచాను.

కాగితం మీద రాసుకున్నది సాయంత్రం టీచరమ్మకు చూపించాను. ఆమె చదివి, టీవీ వాడే ముందు ఈ పొర పీకెయ్యమని రాసుంది అన్నది. ఇంకోసారి చదవమన్నాను. ఇంకోసారి కూడా అదే ఉంది.

గురువారం నేను ఎవరికీ ఏమీ చెప్పలేదు. తెరలు తుడిచాను. ఆ మూల మళ్లీ లేచింది. అలవాటుగా చెయ్యి టేపు దగ్గరికి పోయింది. నాలుగు నెలలు ఆ బొమ్మను మసగ్గా ఉంచింది నేనేనని తెలిస్తే సేటు నన్ను ఉంచడు. చెప్పకపోతే శనివారం తమ్మీ పోతాడు. చెప్పినా చెప్పకపోయినా ఒకరు పోవాలి. ఆ రోజు మెట్లు రెండుసార్లు ఊడ్చాను.

శుక్రవారం పొద్దున తమ్మీ వచ్చి టీవీ వెయ్యగానే చెప్పేశాను. టేపు సంగతి కూడా చెప్పాను. ఆయన తిడతాడనుకున్నాను. ఆయన వంగి ఆ మూలను చూశాడు. వేలు పెట్టి తడిమాడు. తర్వాత స్టూలు మీద కూర్చున్నాడు.

"తియ్యకక్కా" అన్నాడు.

నాకు అర్థం కాలేదు.

"ఇప్పుడైతే టీవీ బాలేదు, గందుకే నాది పోతలేదు అనుకుంటున్న. గిది తీసి, బొమ్మ సాఫ్ అయినంక గూడ నా డబ్బా ఎవ్వరు కొనకపోతే? క్యాసెట్లు పోయినయి, డిస్కులు పోయినయి, అద్దాల టీవీలు పోయినయి. నలభై ఏండ్ల సంది సామాను మంచిదే, ఏదో అడ్డమొచ్చింది అనుకుంటనే బతికిన. అడ్డమొచ్చింది నేనే అని తేలితే నేనేం జెయ్యాలె?"

నేను చేతిలోని గుడ్డ పక్కన పెట్టాను.

"నాకేం తెల్సు తమ్మీ. పుస్తకం ఉల్టా పట్టుకున్నదాన్ని. టీచరమ్మ తియ్యమని రాసుందన్నది."

ఆయన స్టూలు పక్కకు జరుపుకుని దారిచ్చాడు. నేను మూల పట్టుకుని లాగాను. యాభై ఐదంగుళాల పొర అది. ఒక్కసారిగా ఊడలేదు. పాత చీర చింపినట్టు పెద్ద చప్పుడైంది. సగం ఊడేసరికి సేటు లోపలికి వచ్చాడు. ఆయన కంట్లో పడింది టీవీ కాదు, నా చేతిలోని ప్లాస్టిక్.

"కవర్ ఎందుకు తీస్తున్నవ్? తియ్యొద్దని చెప్పలేదా?"

"చెప్పిన్రు సేట్. గందుకే నాలుగు నెలల సంది తియ్యలే. ఊడిపోతుంటే టేపేసి గూడ ఉంచిన."

సేటు నన్ను చూశాడు. పొర ఊడిన సగం తెరను చూశాడు, ఊడని సగం చూశాడు. ఒకే బొమ్మలో సగం గడ్డి పచ్చగా, సగం గడ్డి పాలు పోసినట్టుగా ఉంది. ఆయన వెళ్లి కుర్చీలో కూర్చున్నాడు. కుర్చీ చప్పుడు చేసింది. ఆ చప్పుడు ఆయనా విన్నాడనుకుంటాను. మిగిలింది గూడ తీసెయ్ అన్నాడు. నా ఉద్యోగం గురించి ఇంకేమీ అనలేదు. ఆయన పెట్టిన నియమమే కాబట్టి అనడానికి వీల్లేకపోయింది.

శనివారం సాయంత్రం హిమాయత్‌నగర్ నుంచి ఒక మొగుడూ పెళ్లాం వచ్చారు. ఇద్దరూ ఆటలాడతారట. రెండు టీవీల మధ్య నిలబడి అటూ ఇటూ చూశారు. చాలాసేపు చూశారు. తెల్ల డబ్బా అతను చేతులు కట్టుకుని, వాళ్లు తన టీవీకి వేలు చూపుతారని ఎదురుచూశాడు. తమ్మీ టీవీని చూడలేదు, నేల చూశాడు. నేల శుభ్రంగానే ఉంది.

చివరికి ఆమె సేటు వైపు తిరిగి, రెండూ ఒక్కతీరే ఉన్నయి కదండి అన్నది. ఇంటికెళ్లి ఆలోచించుకుంటామని వెళ్లిపోయారు.

సేటు లేచి వచ్చాడు. రెండూ ఒకటే అయినప్పుడు రెండు కౌంటర్లెందుకు అన్నాడు. నేను చాన్నాళ్ల కింద అడిగిన ప్రశ్నే అది. రెండు డబ్బాలనూ ఒకే బల్ల మీద, ఒకే టీవీకి పెట్టించాడు. రెండో టీవీని మళ్లీ అట్టపెట్టెలో పెట్టించాడు. తెల్ల డబ్బా అతన్ని ముందుకు, ఫోన్ల దగ్గరికి పంపాడు. అతనికి తేడా చూపించి అమ్మడమే వచ్చు, చూపించడానికి ఇప్పుడు తేడా లేదు అన్నాడు. తమ్మీతో మాత్రం, కంపెనీ జీతం వద్దు, రేపటి నుంచి నా దగ్గర ఉండు, నలుపు తెలుపు రెండూ నువ్వే చూసుకో అన్నాడు.

తమ్మీకి పని మిగిలింది కానీ సుఖం లేదు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి ఏదో ఒక వైపు నిలబడినవాడు. ఇప్పుడు ఎవరైనా ఏది మంచిది అని అడిగితే నల్ల డబ్బా మీద చెయ్యి వేస్తాడు, గుర్తొచ్చి తీస్తాడు. వారంలో రెండు నల్లవి, రెండు తెల్లవి అమ్మాడు. అట్లా సమానంగా పోవడం ఆయనకు ఇంకా కష్టంగా ఉంది. మరీ గట్టిగా అడిగేవాళ్లను, అక్కను అడగండి, ఆమె దేన్నైనా అక్షరం అక్షరం చదువుతది అని నా దగ్గరికి పంపిస్తాడు.

నేను వాళ్లకు ఉన్నదే చెప్తాను. అంకెలు రెండింటివీ ఒకటే. కొనే ముందు ఇంటికెళ్లి మీ టీవీ కింది కుడి మూల ఒకసారి చూసుకోండి అంటాను. చాలామంది నవ్వి వెళ్తారు. బషీర్‌బాగ్ నుంచి వచ్చిన ఒక పెద్దాయన మాత్రం మర్నాడు మళ్లీ వచ్చి, ఏమీ కొనకుండా, నాకు దండం పెట్టి వెళ్లాడు. సేటు కుర్చీలోంచి అంతా చూశాడు.

ఇప్పుడు మా షాపులో రెండో నియమం కూడా ఉంది. కొనేవాళ్లతో నేను మాట్లాడకూడదు. తమ్మీ మాత్రం ఇంకా నా దగ్గరికి పంపిస్తూనే ఉన్నాడు.