గేటు లోపలి గీత

మా మేడం పోయారని పొద్దున్నే కబురు వచ్చింది. సిరిసిల్లలో మా నేతకార్మికుల కాలనీ ఆడపిల్లలకు కబడ్డీ నేర్పిన పీఈటీ మేడం. రిటైరయ్యాక కూడా మెడలో ఈల తీయని మనిషి. మగ్గానికి నూలు కండెలు చుడుతున్నదాన్ని అలాగే కూలబడ్డాను. నాకు ఆట నేర్పింది ఆవిడే, నా బిడ్డకు నేర్పిందీ ఆవిడే.

"అమ్మా, స్టేడియం గేటు ఇగ ఎవలు తీపిస్తరే?" అంది నా బిడ్డ.

సున్నంతో గీతలు గీస్తే పిల్లల కళ్లలో పడుతుందని మేడం ఒప్పుకునేవారు కాదు. మరమగ్గాల దగ్గర కత్తిరించి పారేసే చీర అంచులు ఏరుకొచ్చి, పొడుగాటి పట్టీలుగా కుట్టించారు. సాయంత్రం వాటిని నేలమీద పరిచి మేకులు కొడితే మా కోర్టు తయారు. ఆట అయ్యాక చీరలా మడతపెట్టి సంచిలో వేసుకునేవారు. కూతకెళ్లి పట్టుబడ్డ పిల్ల నడిమి గీతను వేలితో తాకినా చాలు, బతికినట్టే. దొరికిపోయామని ఏడుపు మొదలుపెడితే మేడం అరిచేవారు: "ఏడుసుడు తర్వాత బిడ్డా, ముందుగాల గీత ముట్టు!"

మేం ఆడే ఆ మైదానంలోనే స్టేడియం కడతామని ఆఫీసర్లు వచ్చారు. మేం వద్దే వద్దన్నాం. మా గల్లీ వైపు ఒక గేటు పెడతాం, సాయంత్రాలు కాలనీ పిల్లలకే అన్నారు. మేడం నమ్మారు. ఇల్లిల్లూ తిరిగారు. "వానొచ్చినా మన పిల్లల ఆట ఆగది, నా మాట ఇనుండ్రి" అన్నారు. విన్నాం. ప్రారంభోత్సవానికి ఆవిడ పట్టీల సంచి చంకన పెట్టుకుని వచ్చారు. లోపల మ్యాటు మీద గీతలు ముందే ఉన్నాయని చూసి, "నేనొక పిచ్చిదాన్ని" అని పకపకా నవ్వారు. మా వైపు గేటు తెరిచింది ఆ ఒక్కరోజే.

ఆ స్టేడియం మీరూ చూసే ఉంటారు, దూరం నుంచి చాలా బాగుంటుంది. కోరుట్ల, జగిత్యాల టీములు పెద్ద గేటులోంచి వచ్చి ఆడిపోతాయి. మా పిల్లలు ఊచల్లోంచి చూస్తారు. తాళంచెవి స్టేడియం ఆఫీసరు సారు దగ్గరుందని వాచ్‌మన్ అంటాడు, తర్వాత చూద్దామని సారు అంటాడు. మేడం తిరగని ఆఫీసు లేదు. ఆడేవాళ్లు ఒక్కొక్కరే మానేసి, నా పక్కన కండెలు చుట్టడానికి కూర్చున్నారు.

ఆస్పత్రిలో చివరిసారి నా చెయ్యి పట్టుకున్నారు. "గ్రౌండు నేనే ఇప్పిచ్చిన గదనే. పిల్లల నోట్ల మన్ను కొట్టిన."

కాదు మేడం అన్నాను. వినలేదు. ఆ తాళం మీదే కాదు, మేడం మంచితనం మీద కూడా నాకు కోపం వచ్చింది. ఇప్పటికీ పోలేదు.

దినాలు అయిన సాయంత్రం మిగిలిన పిల్లలు సంచి తెచ్చి, గేటు ముందు గల్లీలోనే పట్టీలు పరిచారు. చోటు చాలలేదు. సగం కోర్టే పట్టింది. నడిమి గీత పట్టీని ఊచల సందులోంచి కట్టెతో లోపలికి తోసి, గేటు వెంబడి సరిచేశారు.

నా బిడ్డ కూతకెళ్లింది. ముగ్గురు కాళ్లు పట్టుకున్నారు. అది బోర్లా పడి, ఈడ్చుకుంటూ వచ్చి, గేటు కిందినుంచి చెయ్యి లోపలికి చాచింది. భుజం ఇనుముకు ఒత్తుకుపోయింది. కూత సన్నబడుతోంది. "ఏడుసుడు తర్వాత..." అని అరవబోయాను, నాకే ఏడుపు ముంచుకొచ్చింది. గీత ఇంకా బెత్తెడు దూరంలో ఉంది. కొత్త సిమెంటు మీద దాని వేళ్లు పాకుతూనే ఉన్నాయి.