ఏడో నెలా, ఎనిమిదో నెలా

మా వీధిలో ఏ ఇంట్లో ఆడపిల్ల నెల తప్పినా లెక్క నా దగ్గరికి వస్తుంది. ఐదో నెల ఎప్పుడు వస్తుంది, శ్రీమంతం ఎప్పుడు పెట్టుకోవచ్చు, పుట్టింటికి ఎప్పుడు పంపాలి అని అడుగుతారు. నాకు డెబ్బై నాలుగేళ్లు. మా మామిడికాయల కమీషన్ కొట్టు చిట్టాలు ముప్పై ఏళ్ల పైగా రాశాను. తేదీ తప్పు చెప్పానని ఇంతవరకు ఎవరూ అనలేదు. ఈ ఏప్రిల్ పదకొండున చెప్పినదాన్ని కూడా ఎవరూ తప్పనలేదు. నిజానికి అది తప్పు లెక్క కాదు. తప్పయితే వెంటనే దిద్దుకునేదాన్ని.

మా మనవణ్ణి చూసే అమ్మాయి విషయం ఇది.

కొట్టు ఇప్పుడు మా అబ్బాయి, కోడలు చూస్తారు. కాయ దిగే మూడు నెలలూ ఇద్దరూ ఇంటిపట్టున ఉండరు. అబ్బాయి తెల్లవారకుండానే విస్సన్నపేట, చాట్రాయి తోటలకు వెళతాడు. కోడలు కొట్లో కూర్చుని పార్శిళ్లు, ఫోన్లు చూసుకుంటుంది. నాకు రెండు మోకాళ్లకూ ఆపరేషన్ అయింది. కింద కూర్చుంటే లేవడానికి గోడ కావాలి. అందుకని పిల్లవాడు పాకడం మొదలుపెట్టగానే ఒక అమ్మాయిని పెట్టుకున్నాం.

ఇరవై రెండేళ్ల పిల్ల. భర్త మార్కెట్లో లారీలకు ట్రేలు ఎత్తుతాడు. మా వెనక వీధిలో ఒక గది అద్దెకు తీసుకుని ఉంటారు. పుట్టిల్లు చాట్రాయి దగ్గర పల్లెటూరు. తండ్రి లేడు, తల్లి తోటల్లో కోత కూలికి వెళుతుంది. మావాడు ఆ అమ్మాయి చేత్తో పెడితేనే తినేవాడు, ఆమె భుజం మీదయితేనే నిద్రపోయేవాడు. "వీడు నా పెద్దకొడుకండీ" అనేది. "అయితే రేపు స్కూలు ఫీజులు కూడా నువ్వే కట్టు" అనేది మా కోడలు.

ఆమెకు నెల తప్పిందని జనవరిలో మాతో చెప్పింది. నేను నవంబరులోనే పసిగట్టాను. చింతకాయ పచ్చడి జాడీ దగ్గర రెండుసార్లు దొరికింది. ఆఖరి నెలసరి తేదీ అడిగితే సెప్టెంబరు పద్నాలుగు అంది. అప్పటి నుంచీ మా ఇంట్లో ఒకటే ఆలోచన, సీజన్లో పిల్లవాణ్ణి ఎవరు చూస్తారని. ఒకావిణ్ణి కుదుర్చుకుంటే రెండు రోజులు వచ్చింది. ఆవిడ కళ్లు ఫోన్ మీద, మావాడి కళ్లు గుమ్మం మీద. మూడో రోజు ఆవిడే మానేసింది. చివరికి ఉంగుటూరులో ఉన్న మా పిన్ని కూతురు ఒప్పుకుంది. భర్త పోయాక ఒక్కతే ఉంటోంది. కాకపోతే వాళ్ల మరిది కూతురి పెళ్లి మే మొదటి వారంలో ఉంది, అది కాగానే వస్తానంది.

తొలికాన్పు పుట్టింట్లో జరగాలి. కూలికి వెళ్లేవాళ్లయినా, కొట్లున్నవాళ్లయినా ఆ ఒక్క పురుడు తల్లి దగ్గర పోసుకోవాలనే చూస్తారు. తీసుకెళితే ఏడో నెలలో తీసుకెళ్లాలి, లేదంటే తొమ్మిదో నెల దాకా ఆగాలి. ఎనిమిదో నెలలో గడప దాటించరు. ఈ అమ్మాయి తల్లి మార్చిలోనే రావలసింది. ఆటలమ్మ పోసిందని, కడుపుతో ఉన్న పిల్ల దగ్గరికి రాకూడదని ఆగిపోయింది. ఒళ్లు చల్లబడ్డాక ఏప్రిల్ పదకొండున ఆటో మాట్లాడుకుని వచ్చింది. చలిమిడి, గాజులు, పసుపుపచ్చ చీర తెచ్చింది. కూతురి గదికి పోకుండా ముందు మా ఇంటికే వచ్చింది.

"అమ్మగారండీ, ఏడో నెల దాటలేదు కదండీ? మా ఇంటికాడ ఒకావిడ దాటిందంటంది, ఒకావిడ లేదంటంది. నాకు తెలవదు, మీరు చెబితే తీసుకెళ్తాను" అంది.

గోడ మీద క్యాలెండరు తీసి ఒళ్లో పెట్టుకున్నాను. లెక్క రెండు విధాలుగా కట్టవచ్చు. ఇంగ్లీషు తేదీలు పట్టుకుంటే పద్నాలుగు నుంచి పద్నాలుగుకి నెల. తిథులు పట్టుకుంటే నెల కాస్త పొట్టిది, ఏడు నెలలు గడిచేసరికి ఐదు రోజుల తేడా వస్తుంది. ఆ ఐదు రోజుల మధ్యలో పడింది ఏప్రిల్ పదకొండు. తేదీల ప్రకారం ఏడో నెల ఇంకా మూడు రోజులుంది. తిథుల ప్రకారం ఎనిమిదో నెల వచ్చి రెండు రోజులయింది.

మా కోడలికి ఇదే లెక్క కట్టినప్పుడు తేదీలే చూశాను. ఏడో నెల ఆఖరి రోజున వాళ్ల నాన్నగారు కారు తెస్తే పంపించాను. తిథులు చూడాలన్న ఆలోచనే రాలేదు. వీధిలో ఎవరికి చెప్పినా తేదీలే చెప్పాను.

ఆ రోజు పొద్దున్నుంచి కోడలు కొట్టు నుంచి మూడుసార్లు ఫోన్ చేసి, ఆ అమ్మాయి వాళ్ల అమ్మ వచ్చిందా అని అడిగింది. బంగినపల్లి దిగడం మొదలైంది. పిన్ని కూతురు రావడానికి ఇంకా నెల ఉంది. ఆ అమ్మాయి మావాణ్ణి చంకనెత్తుకుని వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది.

"ఎనిమిది వచ్చేసిందమ్మా, రెండు రోజులైంది" అన్నాను.

"రెండు రోజులకే పోయిందాండీ" అంది తల్లి.

అంతకు మించి అడగలేదు. నా మాట మీద ఇంకో మాట అడిగే అలవాటు ఇక్కడ ఎవరికీ లేదు. మా పెరటి మెట్ల మీదే కూతుర్ని కూర్చోబెట్టి చలిమిడి తినిపించింది, గాజులు వేసింది. చీర చేతిలో పెట్టి, తొమ్మిదో నెల ఎప్పుడొస్తుందో నన్నే అడిగి, వచ్చిన ఆటోలోనే వెళ్లిపోయింది. మే ఎనిమిది అని చెప్పాను. ఒకసారి తిథులు పట్టుకున్నాక చివరిదాకా అవే పట్టుకోవాలి కదా.

సాయంత్రం కోడలు వచ్చి సంగతి విని, "మీ పంచాంగం లేకపోతే ఈ ఏడు మునిగిపోయేవాళ్లం అత్తయ్యగారూ" అంది. ఆమెకేమీ తెలియదు. నేను చెప్పలేదు.

తర్వాత ఆ నెలంతా ఆ అమ్మాయికి నేను చేయని మర్యాద లేదు. మధ్యాహ్నం భోజనం మా ఇంట్లోనే పెట్టాను. మజ్జిగలో కరివేపాకు నలిపి ఇచ్చేదాన్ని. పిల్లవాణ్ణి ఎత్తుకోవద్దు, కూర్చోబెట్టి ఆడించు అని పదేపదే చెప్పేదాన్ని. చెప్పడం తేలిక. వాడు కాళ్లకు చుట్టుకుని చేతులు చాపితే ఎత్తుకోకుండా ఎలా ఉంటుంది? సాయంత్రం కాయల లారీలు చూపించమని ఏడిస్తే మేడ మీదికి ఎత్తుకెళ్లేది. ఆ మెట్లు నేను ఎక్కలేను. కిందనుంచి, "దించవే అమ్మాయ్" అని అరిచేదాన్ని. "దిగడంటండీ, వీడు కలెక్టరుగారు" అని పైనుంచి నవ్వేది. తల్లి దగ్గరుంటే ఆ వేళప్పుడు చాప మీద పడుకుని ఉండేదని నాకు ప్రతిరోజూ తోచింది. తోచినా ఏమీ చేయలేదు.

పెళ్లి చూసుకుని మా పిన్ని కూతురు వచ్చింది. మావాడు ఆవిడ దగ్గరికి పోలేదు. నాలుగు రోజులు అలవాటు చేసి వెళ్లమని ఆ అమ్మాయినే అడిగాం. మే ఎనిమిదిన పొద్దున్నే నేనే తల్లికి ఫోన్ చేశాను. చిన్న రసాల కోత నడుస్తోందనీ, మేస్త్రీ దగ్గర ముందే డబ్బు తీసుకున్నాననీ, పన్నెండున వస్తాననీ చెప్పింది. ఏప్రిల్ పదకొండుకి అయితే జబ్బు నుంచి అప్పుడే లేచింది, ఇంకా ఏ కోతకూ ఒప్పుకోలేదు.

పదో తేదీ మధ్యాహ్నం నొప్పులు మొదలయ్యాయి. ఆటోలో ఆస్పత్రికి నేనే తీసుకెళ్లాను. భర్త మార్కెట్ నుంచి సొన మరకల చొక్కాతోనే పరుగెత్తుకొచ్చాడు. ఆ అమ్మాయి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. తలుపు చప్పుడైనప్పుడల్లా, "అమ్మ వచ్చిందాండీ" అని అడిగింది. వస్తోందమ్మా అన్నాను. అప్పటికి తల్లి ఇంకా బస్సు కూడా ఎక్కలేదు. చీకటి పడకముందే ఆడపిల్ల పుట్టింది. రెండు కిలోలు. అద్దాల పెట్టెలో పెట్టారు. తల్లి వచ్చేసరికి అంతా అయిపోయింది.

పిల్లవాణ్ణి ఎత్తుకుని తిరగడం వల్ల ఇలా అయిందా అని డాక్టరమ్మను అడిగాను. నెలలు నిండకుండా పుట్టడానికి సవాలక్ష కారణాలుంటాయి, ఫలానాదని చెప్పలేమండీ అంది. కాదని మాత్రం అనలేదు.

వారం రోజులకు పాప పెట్టెలోంచి బయటికి వచ్చింది. ఇంటికి పంపించే రోజున ఆస్పత్రి వరండాలో ఆ తల్లి నా రెండు చేతులూ పట్టుకుంది.

"మీరు ఆ రోజు ఆపబట్టి సరిపోయిందండీ. మా ఊళ్లో నొప్పులొస్తే ఆస్పత్రి ఎక్కడ, ఆటో ఎక్కడ? తల్లీ పిల్లా మీ చలవే" అంది.

అందులో కొంత నిజం ఉంది. ఆ వారంలో మా అబ్బాయి, కోడలు, వీధిలోవాళ్లు, అందరూ అదే అన్నారు. ఈమె కూడా అనేసరికి ఇక భరించలేకపోయాను. ఆ అమ్మాయి పక్క బెంచీ మీద పాపను ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది.

"అట్లా అనకమ్మా" అన్నాను. "నేను తిథులు లెక్కేశాను. తేదీలు వేస్తే ఆ రోజుకి ఇంకా ఏడో నెలే."

ఆమెకు అర్థం కావడానికి కాసేపు పట్టింది.

"అయితే ఆ రోజు తీసుకెళ్లొచ్చాండీ?"

"తీసుకెళ్లొచ్చు."

"మరి చెప్పలేదేంటండీ?"

"మావాణ్ణి చూసేవాళ్లు లేరని."

ఆమె నా చేతులు వదిలింది. విసురుగా కాదు. ఏదో పని గుర్తొచ్చినట్టు వదిలి, ప్లాస్కు, బట్టల సంచి సర్దుకోవడం మొదలుపెట్టింది. అప్పుడు ఆ అమ్మాయి తలెత్తి నన్ను అడిగింది.

"మీ కోడలుగారికి ఏ లెక్క వేశారండీ?"

"తేదీలే" అన్నాను.

సరే అన్నట్టు తల ఊపి పాప చెవుల మీదికి గుడ్డ లాగింది. "ఎండెక్కుద్ది, పదవే" అంది తల్లి. ఆటో దాకా వెళ్లాను. జాగ్రత్త అన్నాను. పదకొండో రోజున నీళ్లు పొయ్యండి, ఇరవై ఒకటో రోజున పేరు పెట్టండి అనబోయి ఊరుకున్నాను. ఆటో చాట్రాయి రోడ్డు ఎక్కేదాకా ఇద్దరిలో ఒక్కరూ వెనక్కి చూడలేదు. పాపతో సర్దుకుని కూర్చోవడంలో తీరిక లేక కూడా అయి ఉండవచ్చు.

ఇంటికి వచ్చి కోడలికి చెప్పాను. "మీరు మాకోసమేగా చేసింది" అందామె. అది ఓదార్పో, భారంలో తనకూ వాటా ఉందని ఒప్పుకోవడమో నేను అడగలేదు.

పిన్ని కూతురు జూన్ ఆఖరున ఉంగుటూరు వెళ్లిపోయింది, నాట్లు వస్తున్నాయని. సీజన్ అయిపోయింది గాని కొట్టు బాకీల వసూళ్లు, వచ్చే ఏటికి తోటలు మాట్లాడుకోవడం ఉండనే ఉన్నాయి. ఇప్పుడు వాణ్ణి నేనే చూస్తున్నాను. గుమ్మానికి అడ్డంగా బల్ల వేసి, నేను కుర్చీలో, వాడు కింద. రెండు వారాలుగా కోడలు అడుగుతోంది. పాపకు మూడో నెల వచ్చింది కదా, మూడో నెలలో అత్తారింటికి వచ్చేయొచ్చు కదా, మీరు ఒక్కమాట అడిగితే కాదనదు అత్తయ్యగారూ అని. కాదనదని నాకూ తెలుసు. అందుకే అడగనన్నాను. వాళ్లమ్మ ఎన్నాళ్లు ఉంచుకుంటే అన్నాళ్లు ఉంటుంది అన్నాను. కోడలు మళ్లీ ఆ మాట ఎత్తలేదు. కొట్టు నుంచి మధ్యాహ్నం ఒక గంట ముందే వస్తోంది.

మొన్న ఫోన్ చేశాను. పాప బరువు ఎంత పెరిగిందో తెలుసుకుందామని చేశాను, ఇంకేమీ లేదు. ఆ అమ్మాయే ఎత్తింది. వెనక పాప ఏడుపు వినిపించింది, గొంతు బాగానే ఉంది. పాప ఎలా ఉందని నేను అడిగేలోపే ఆమె అంది.

"ఎప్పటి నుంచి రమ్మంటారండీ?"

అందుకు చెయ్యలేదమ్మా అన్నాను. పాప బరువు అడుగుదామని అన్నాను. "నాలుగు కిలోలు దాటిందండీ" అని చెప్పింది. ఇంకేమైనా చెబుతుందేమోనని ఆగాను. నేనేమైనా చెబుతానేమోనని ఆమె కూడా ఆగినట్టుంది.

"ఎప్పుడొచ్చేదీ అమ్మనడిగి చెప్తానండీ" అని పెట్టేసింది.