మెడలో ముడి

తెలంగాణ ఉద్యమం రోజుల్లో జనగామ రోడ్డు మీద వంటావార్పు చేస్తుంటే ఒక కానిస్టేబుల్ మా పొయ్యిలు తన్నేశాడు. మా యాసను వెక్కిరిస్తూ నా భుజం మీద లాఠీతో ఒక్కటిచ్చాడు. కండ ముడిపడి చెయ్యి పైకి లేవలేదు.

పట్టేసిన కండలను సరిచేయడం మా ఇంట్లో అందరికీ వచ్చిన పని. అమ్మ వెచ్చటి ఆముదం రాసి, ముడి మీద బొటనవేలు అదిమిపెట్టేది. ఊపిరి బిగబడితే కండ వదలదని, నొక్కినంతసేపూ ఇంటి దేవుణ్ణి గట్టిగా పిలవమనేది.

కొన్నాళ్లకు మెడ పట్టేసి ఆ కానిస్టేబులే మఫ్టీలో మా గడప తొక్కాడు. నన్ను గుర్తుపట్టలేదు. అమ్మను లేవనివ్వకుండా నేనే వెనక కూర్చున్నాను. ముడి వెంటనే దొరికింది.

"ఊపిరి బిగబట్టొద్దు సారూ. జై తెలంగాణ అనుండ్రి."

నోట్లో గొణిగాడు.

"ఇనబడలే."

ఇంకా నొక్కాను. అరిచాడు. వాకిట్లో వాళ్లు తొంగిచూశారు. మళ్లీ మళ్లీ అనిపించాను.

అమ్మ వచ్చి వాడి మెడ తడిమింది. "ముడి ఎప్పుడో ఇడిసింది గదరా, ఇంక ఎందుకు ఒత్తుతున్నవ్?"

"వీనిది ఇడిసిందమ్మా. వీడు నా భుజంల కట్టిన ముడి ఇంకా ఇడవలే."

నా బొటనవేలి కింద ఆ మెడ మళ్లీ బిగుసుకుంది.