ఎర్రగీత దగ్గర ముల్లు

పడవ డ్రైవరు ఇంజనుకు ఆయిల్ పోసేముందు రెండు చుక్కలు వేళ్ల మధ్య రుద్ది చూసుకుంటాడు. ఎండాకాలం చిక్కటిదే పోస్తాడు; పోస్తున్నంతసేపూ పెదవులు కదుపుతాడు, అది ప్రార్థన. ఆ మధ్యాహ్నం దుకాణంలో చిక్కటిది దొరక్క, ఒక్క పూటకేగా అని కార్లకు వాడే పల్చటిది పోశాడు. అంతలోనే ఒక తల్లి, నొప్పులు పడుతున్న కూతుర్ని పట్టుకొచ్చి పడవెక్కించింది. ఆసుపత్రి అవతలి ఒడ్డున ఉంది.

సగం దూరం పోయేసరికి ఆయిల్ వేడి చూపే ముల్లు ఎర్రగీత దాకా పాకింది. అతను వేగం తగ్గించాడు. "నీకు బిడ్డల్లేరా నాయనా? తొందరగా పోనీవయ్యా!" అని తల్లి అరిచింది. అతని చొక్కా వీపుకు అతుక్కుపోయింది. "తప్పు నాదేనమ్మా. పల్చటి ఆయిల్ పోశాను, వేడికి నీళ్లయిపోతోంది. ఇప్పుడు తొందరపడితే ఇంజను పట్టేసి నడి నీళ్లలో ఉండిపోతాం." కూతురు పళ్లు బిగించుకునే అంది: "మెల్లగానే పోనీ బాబాయ్. లోపలున్నవాడికింకా ఈత రాదు." అతను నవ్వలేకపోయాడు. ముల్లు వణికింది, ఆగింది, వెంట్రుకవాసి వెనక్కి జరిగింది. ఒడ్డు చేరాక కూతుర్ని స్ట్రెచర్ మీద తీసుకెళ్తుంటే, వెంట పరుగెత్తబోయిన తల్లి ఒక్క క్షణం ఆగి ఇంజను మూత మీద అరచెయ్యి ఆనించింది. "పాపం, కాలిపోతోంది. దీన్నీ కాసేపు పడుకోనివ్వు నాయనా" అని, కూతురి వెనకే పరుగెత్తింది.